అబోమీ వెళ్ళే ముందు ‘దహోమీ’

మాటీ డియోప్ తీసిన ‘దహోమీ’ 2024లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచిన డాక్యుమెంటరీ. గంటా పది నిమిషాలు కూడా ఉండదు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌కి వెళ్ళి అబోమీ రాజప్రాసాదాలు చూడాలని ప్లాన్ వేసుకునేవాళ్ళకి (నాలాగా, ఎల్లో ఫీవర్ టీకాతో మొదలుపెట్టి) ఇది గైడ్‌గా పనికొస్తుందా? పనికిరాదు. కానీ చూడకుండా మాత్రం వెళ్ళకండి.

ముందు ఒక చిన్న గందరగోళం తీర్చుకోవాలి. గూగుల్‌లో కనిపించే ‘బెనిన్ కంచు శిల్పాలు’ నైజీరియాలోని బెనిన్ నగరానివి. ఇది వేరే. 1975 దాకా ఈ దేశం పేరు దహోమీ. ఇక్కడ 1625 నుంచి 1900 వరకు 12 మంది రాజులు పాలించారు. అకబా ఒక్కడు తప్ప అందరూ ఒకే మట్టి ప్రహరీ లోపల, పాతవాళ్ళ కోటల పక్కనే తమ కోటలు కట్టుకున్నారు. 1892లో ఫ్రెంచి సైన్యం వస్తోందని తెలిసి బెహాంజిన్ రాజు వాటికి నిప్పు పెట్టించాడు. దొరికినవి పారిస్ చేరాయి.

వాటిలో 26 వస్తువులు 2021లో తిరిగొచ్చాయి. సినిమా వాటి ప్రయాణమే. సగం మనిషి, సగం పక్షిగా చెక్కిన గెజో విగ్రహం చీకట్లో ఫోన్ భాషలో మాట్లాడుతుంది. తనకిప్పుడు పేరు లేదు, 26 అనే నంబరు మాత్రమే. రాజు కాస్తా డేటాబేస్‌లో ఒక రో అయ్యాడన్నమాట! ఆలోచన బాగుంది. కానీ హైతీ రచయిత మకెంజీ ఓర్సెల్ రాసిన ఆ స్వగతం కవిత్వపు బరువుతో కుంగిపోయింది. పైగా గెజో బానిసల వ్యాపారం చేసిన రాజు. విగ్రహం తన చెర గురించి చెప్పుకున్నంత సేపు, తాను అమ్మినవాళ్ళ గురించి ఆగి మాట్లాడదు. అబోమీ మ్యూజియం సేకరణలో అతని సింహాసనం ఒకటుంది. దాని కాళ్ళ కింద నాలుగు మనిషి పుర్రెలు. గెజో చిహ్నం చిల్లుల కుండ: పిల్లలందరూ తలా ఒక వేలు పెట్టి చిల్లులు మూస్తే రాజ్యం నిలుస్తుందని అర్థం. అమ్ముడుపోయినవాళ్ళ వేళ్ళు ఆ లెక్కలోకి రాలేదు. సినిమా తప్పించుకున్న ఈ ప్రశ్న అబోమీలో అడుగు పెట్టేవాళ్ళకి తప్పదు.

సినిమాకి ప్రాణం యూనివర్సిటీ విద్యార్థుల చర్చ. ఏడు వేలల్లో 26 ఇవ్వడం అవమానం అంటాడొకడు. తన భాష రాక ఫ్రెంచిలోనే మాట్లాడాల్సి వస్తోందని ఇంకో అమ్మాయి మండిపడుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలకల ముందు ఫొటోలు దిగే మనవాళ్ళ దగ్గర ఇంత కోపం నేను వినలేదు.

కెమెరా ఎక్కువసేపు కోటోనులోనే తిరుగుతుంది. తిరిగొచ్చినవాటిని 2022లో మొదట చూపించింది కూడా అక్కడి అధ్యక్ష భవనంలోనే. అందుకే నా ప్లాన్‌లో కోటోనుకి ఒక పూట, అబోమీకి రెండు రోజులు. అందులో ఒక రోజంతా గ్లెలె ప్రాసాదపు గోడల బొమ్మలకే. సింహాసనం రెండో రోజు.