కాలర్ దాకా గుండీలు

కువైట్‌లో శుక్రవారం సెలవు. మనవాళ్ల చీటీపాటలు, పెళ్లి మాటలు, పరామర్శలు అన్నీ ఆ రోజే. నా వంతుకు ఎక్కువగా పరామర్శలే వస్తాయి. చెస్ట్ హాస్పిటల్లో బైపాస్ అయ్యి, ఫర్వానియాలోనో జలీబ్‌లోనో నలుగురుండే గదికి తిరిగొచ్చినవాళ్లను చూడబోతాను. పండ్ల సంచి అందించడం ఎవరికైనా వచ్చు. కూర్చున్నాక ఏమడగాలన్నదే అసలు పని.

మొన్నటి మనిషిది రాయచోటి, ఇంటి డ్రైవర్. దగ్గు వచ్చినప్పుడల్లా దిండును రొమ్ముకు అదుముకుంటున్నాడు. కోసి కట్టిన రొమ్ము ఎముక కదలకుండా నేర్పిన పద్ధతది. నరం తీసిన కాలు వాచి ఉంది. ఇంటినుంచి ఐఎంఓలో వీడియో కాల్ రాగానే దిండు పక్కకు పోయింది, చొక్కా గుండీలు కాలర్ దాకా ఎక్కాయి. "బాగుండాలే. పాపకు ఫీజు కట్టినారా?" అని ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంట్లో తెలుసా?"

"స్టెంటు ఏసినారని చెప్పినా అన్నా."

గుండెకూ స్వభావానికీ లంకె పెట్టే మాట పాతదే. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్లు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్‌ గడియారంతో పోటీపడే మనుషులను ఒక రకంగా విడదీశారు. అదే తర్వాత టైప్ ఏ అయింది. ఆ పరిశోధనలకు సిగరెట్ కంపెనీల డబ్బు కూడా అందిందని ఆనక బయటపడింది. తప్పు పొగది కాదు, స్వభావానిదంటే వాళ్లకు చేదా! బెల్జియం మానసిక శాస్త్రవేత్త యోహాన్ డెనొలెట్ చెప్పింది టైప్ డి: లోపల దిగులు, దాన్ని నలుగురిలో చెప్పుకోలేకపోవడం. 2005లో దీనికి 14 ప్రశ్నల పరీక్ష ఇచ్చాడు. దిగులుకు ఏడు, బిడియానికి ఏడు. రెండింటిలోనూ 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ మార్కులు వస్తే టైప్ డి. ఇలాంటివాళ్ల ప్రాణానికి ముప్పెక్కువన్న మాట తర్వాతి అధ్యయనాల్లో అంత గట్టిగా నిలబడలేదు.

ఆ కాగితం మన గదుల్లో పంచితే సగంమంది డి కింద తేలతారని నా అనుమానం. ఊళ్లో రచ్చబండ మీద నోరు మూయని మనిషే ఇతను. ఇక్కడ కొన్ని వారాలు స్టీరింగ్ పట్టొద్దంటే బాబా, అంటే ఇంటి యజమాని, ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాడేమో, అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఏమవుతుందో. ఊళ్లో అప్పు ఉండనే ఉంది. ఇవన్నీ లెక్కేసుకునే గుండీలు పెట్టుకున్నాడు. దాన్ని బిడియమంటే నేనొప్పను.

గుండె ఆపరేషన్ తర్వాత ఊరికే ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు చాలామందికి ఉండేవే. ఎక్కువమందికి వారాల్లో సర్దుకుంటాయి. సర్దుకోకపోతే నడక ఆగుతుంది, మందులు తప్పుతాయి. డాక్టరుకు గాయంతోపాటు ఇదీ చెప్పాలి. అందుకే నేను ఎలా ఉన్నావని అడగను, దానికి జవాబు తయారుగా ఉంటుంది. "రాత్రి ఎన్నిసార్లు లేచినావ్?" అంటాను. అతను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ కారెక్కాలంటే భయంగా ఉందనీ చెప్పాడు.

"ఇంటికి నువ్వే చెప్పన్నా" అన్నాడు. నువ్వు చెప్పు, నేను పక్కన కూర్చుంటానన్నాను.

"ఇప్పుడొద్దులే, వాళ్లు పండుకోనుంటారు."

కువైట్‌లో సాయంత్రం అయిదు. రాయచోటిలో ఏడున్నర.