పండ్రెండింటి లెక్కలో పుష్కరము

తీరిక దొరకినప్పుడెల్ల ఏదో యొక పూర్ణసంఖ్యను పట్టుకొని, దానిని పండ్రెండుచేత మరల మరల భాగించి, మిగిలిన శేషములను తుదినుండి మొదటికి పేర్చి, ద్వాదశాంశ రూపమున అది యెట్లుండునో చూచుకొనుట నాకు చిరకాలముగా నున్న అలవాటు. ఈ పద్ధతికి పండ్రెండు అంకెలు కావలయును గనుక పదికి ‘ద’ అనియు, పదకొండునకు ‘ఏ’ అనియు గుర్తులు పెట్టుకొంటిని. పండ్రెండును 10 అని వ్రాయవలెను. ఇది వింత విద్య యేమియు కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకపూర్వము అణాకు పండ్రెండు దమ్మిడీలు. రాజమహేంద్రవరపు దుకాణములలో చిట్టా వ్రాసిన ప్రతి గుమాస్తాయు దమ్మిడీల వరుసను కూడుచు, పండ్రెండు నిండగానే ఒకటిని అణాల వరుసకు చేర్చెడివాడు. (అణాల వరుసలో పదునారు నిండవలెను, ఆ తిప్పలు వేరు.) అణాను ముగ్గురు పంచుకొన్నచో తలకు నాలుగు దమ్మిడీలు తెగును, నూరు పైసల రూపాయిని ముగ్గురికి సమముగా పంచుట యెవరి తరము?

గోదావరి యొడ్డున బ్రతుకువాని చేతికి ఈ అభ్యాసమున మొదట చిక్కునవి పుష్కర సంవత్సరములే. బృహస్పతి సింహరాశిని ప్రవేశించినప్పుడు కోటిలింగాల రేవునను, కొవ్వూరు గోష్పాదమునను జనులు క్రిక్కిరియు ఆ సంవత్సరములు 1991, 2003, 2015, 2027. పదింటి లెక్కలో ఈ నాలుగింటికిని పోలికయే కానరాదు. పండ్రెండింటి లెక్కలో వ్రాసి చూడుడు: 119ఏ, 11దఏ, 11ఏఏ, 120ఏ. చివరి యంకె కదలదు. దాని ముందరిది ఒక్కొక్క మెట్టెక్కి, ‘ఏ’ దాటగానే సున్నకు దిగి, తన ముందరిదానికి ఒకటి అప్పగించును.

పండ్రెండును రెండు, మూడు, నాలుగు, ఆరు నిశ్శేషముగా భాగించును గనుక ఆ నాలుగింటి పరీక్షయు ఒకట్ల స్థానముననే ముగియును. రెండును మూడును తప్ప తక్కిన ప్రధానసంఖ్యలన్నియు 1, 5, 7, ఏ అనువానిలో నొకదానితోనే అంతము కావలెను. పదింటి లెక్కలో తొమ్మిదికి చేయు అంకెల కూడిక ఇచట పదకొండునకు చెల్లును: 119ఏ లోని అంకెల మొత్తము ఇరువదిరెండు, 11ను 181 చేత గుణించిన 1991. అంకెలను ఒకటి విడిచి యొకటి కూడి, ఆ రెండు మొత్తముల భేదము చూచినచో పదమూడు బయటపడును: 11ఏఏ లో భేదము సున్న, 13ను 155 చేత గుణించిన 2015. ఈ పరీక్షలలో వేనికిని 2003, 2027 లొంగవు; అవి రెండును ప్రధానసంఖ్యలు. పదింటి లెక్కలో కంటిచూపునకే దొరకు అయిదు మాత్రము ఇచట దాగికొనును, అది చిన్న నష్టము కాదు. అయినను మూడును సులభముగా పట్టియిచ్చు లెక్కకే నా మొగ్గు.

ఈ ‘ఏ’ యైనను శాశ్వతము కాదు. బృహస్పతి సూర్యుని చుట్టివచ్చుటకు పట్టునది నిండు పండ్రెండేండ్లు కాదు, ఇంచుమించు 11.86 సంవత్సరములు. అందువలననే 1991లో ఆగస్టు నడుమ వచ్చిన పుష్కరము 2003లో జూలై తుదకును, 2015లో జూలై 14కును వెనుకకు జరిగినది. ఇట్లు జరిగి జరిగి ఒకానొకప్పుడు అది ముందటి యేటిలో పడును; నాటినుండి కొంతకాలము పుష్కర సంవత్సరములు ‘ద’ తో ముగియును. ‘ద’ తో ముగియునది సరిసంఖ్య. ఆ వరుసలో ప్రధానసంఖ్య యొక్కటియు నుండదు.