మాటలో పల్లె, తెరపై కోట: ‘నాటు నాటు’ పాట దృశ్యరూప పరిశీలన

ఆవడిలో ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంట్లో, 2022లో ఒక పాట రెండు భాషల్లో వినిపించింది. ముందుగదిలో పిల్లలు ‘నాట్టు కూత్తు’ పెట్టుకుంటే వంటింట్లోంచి పెద్దవాళ్లు ‘నాటు నాటు’ అని అందుకునేవారు. తెరమీద బొమ్మ మాత్రం ఒక్కటే. ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ఈ పాటను దృశ్యమాధ్యమ విమర్శ సూత్రాల వెలుగులో పరిశీలించడం, ఆ సూత్రాలు మనకు ఎంతవరకు సరిపోతాయో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. పాటకు వచ్చిన బహుమతుల సంగతి అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి ఎక్కువగా పోవడం లేదు.

సంగీత దృశ్యకాలను గురించి ఆండ్రూ గుడ్విన్ 1992లో ఒక గ్రంథం వెలువరించాడు. మాధ్యమాల పాఠాలు చదివే విద్యార్థులు ఈనాటికీ దానినే ముందు పట్టుకుంటారు. పాటలోని మాటకూ తెరమీది బొమ్మకూ మూడు రకాల సంబంధం ఉంటుందని ఆయన అంటాడు. మాట చెప్పినదాన్నే బొమ్మ చూపడం మొదటిది. చెప్పినదానికి బొమ్మ కొత్త అర్థాన్ని చేర్చడం రెండవది. మాటకూ బొమ్మకూ పొత్తు లేకపోవడం మూడవది. వీటితోపాటు గాయకుని ముఖాన్ని దగ్గరగా చూపవలసిన వ్యాపారావసరం, చూడడంలోని కుతూహలం, ఇతర కృతుల ఛాయలు అనే అంశాలనూ ఆయన చర్చించాడు.

సినిమాపాట ‘మ్యూజిక్ వీడియో’ ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. మద్రాసు దూరదర్శన్‌లో శుక్రవారం రాత్రి వచ్చిన ‘ఒళియుం ఒలియుం’ కోసం ఎదురుచూసిన తరానికి ఈ ప్రశ్న రాదు. కథ నుంచి కోసి తెచ్చిన పాటను విడిగా చూడడం మనకు అప్పుడే అలవాటైంది. ఆ కార్యక్రమం పేరుకు అర్థమే వెలుగూ ధ్వనీ అని. హైదరాబాదు వైపు ‘చిత్రలహరి’ ఇదే పని చేసింది. ‘నాటు నాటు’ కూడా సినిమాకంటే ముందే, 2021 నవంబరులో, అక్షరాలతో కూడిన పాటగా విడివడి జనంలోకి వచ్చింది. సినిమా విడుదలైంది 2022 మార్చి 25న.

ఇక పాటలోకి వద్దాం. చంద్రబోస్ రచన ప్రధానంగా ఉపమానాల వరుస. ఎద్దు, జాతర, కర్రసాము, మర్రినీడ, రొట్టెలో మిరపకారం, ఇలా అన్నీ ఊరివే. తెరమీద వీటిలో ఒక్కటీ కనిపించదు. కనిపించేది ఒక రాజప్రాసాదం, తెల్లదొరల విందు, పొడుగు గౌన్లు, సూట్లు. కథ ప్రకారం అది 1920ల నాటి ఢిల్లీ. చిత్రీకరించింది మాత్రం 2021 ఆగస్టులో, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరియిన్‌స్కీ భవనం ముందు. గుడ్విన్ కొలతతో పైపైన కొలిస్తే ఇది మూడవ రకం, పొత్తులేని రకం. కాని అలా తేల్చేయడం తొందరపాటు. పల్లెను చూపకపోవడమే ఇక్కడి యుక్తి. మాట ఒక పల్లెను తెచ్చి కోట ముంగిట దింపుతుంది. చివరికి ఒక్క దుమ్ము మాత్రం మాటలోంచి బొమ్మలోకి నిజంగా దిగుతుంది. ఆ పచ్చని తోటలో అంత దుమ్ము ఎక్కడిదని నాకు మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. తరువాత ఆలోచిస్తే, కాళ్లతో లేపిన ఆ దుమ్మే పాట తనవెంట తెచ్చుకున్న ఊరు అనిపించింది. ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగులలో ప్యాంటు పట్టీలను లాగి వదిలే అడుగొకటి ఉంది. దొర వేషమే అక్కడ ఆటవస్తువైపోయింది.

మన విద్యార్థులు నిలిచి చూడవలసిన చోటు ‘నాటు’ అన్న మాట. తెలుగులో దీనికి రెండు ముఖాలు ఉన్నాయి. నాటుకోడి అంటే నోరూరుతుంది, నాటు మనిషి అంటే చిన్నచూపు. నాటుసారా, నాటువైద్యం, నాటుబాంబు, వీటిలో ఎక్కడా గౌరవం లేదు. ‘సీమ’ సరుకు మేలిమిది, ‘నాటు’ సరుకు మొరటుది అన్న తూకం దొరల కాలంలో గట్టిపడింది. కథలో దొర వేసే నింద కూడా అదే, మీకు నాట్యం ఏం తెలుసని. ఆ నిందలోని మాటనే తీసి జెండాలా ఎత్తడం తెలుగు పాటలోని బలం.

తమిళంలో ‘నాట్టు’ అంత కిందికి జారలేదు. నాట్టుమరుందు కడై అన్న పలక ఆవడి బజారులోనూ దర్జాగానే నిలబడుతుంది. కనుక మదన్ కార్కీ తమిళ పాటలో ‘కూత్తు’ చేరడం అక్షరాల సర్దుబాటు మాత్రమే కాదని నా అభిప్రాయం. తిరువళ్లూరు, తిరుత్తణి వైపు తెరుక్కూత్తు పేరు తెలియని ఊరుండదు. చిత్తూరు వైపు వీధినాటకం దానికి చుట్టమే. తెలుగు పాట దొరకు ఒక విశేషణంతో జవాబిస్తుంది, తమిళ పాట ఒక కళ పేరుతో జవాబిస్తుంది. మొదటిది అవమానాన్ని తిరగవేయడం, రెండవది వంశం చెప్పుకోవడం. బొమ్మ మారకుండానే జవాబు మారింది. గుడ్విన్ మూడు రకాలలో ఈ స్థితికి చోటు లేదు. ఒక బొమ్మకు ఒకే మాట ఉంటుందని ఆయన అనుకున్నాడు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష వినే ఆవడి విద్యార్థికి ఆ ఊహ మొదట్లోనే తప్పుగా తోస్తుంది. ‘నాటు’లోని చిన్నచూపు తెలియనివారికి మాత్రం పాటలో సగం కోపం వినిపించదు. ఆంధ్రదేశానికి బయట పెరిగిన మన పిల్లలు పోగొట్టుకుంటున్నది ఇలాంటి సగాలనే.

గాయకుని ముఖం సంగతి కూడా ఇంతే. అక్కడ పాడేవాడే తెరమీద కనిపిస్తాడు. మనకు గొంతు ఒకరిది, దేహం మరొకరిది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు, జూనియర్ ఎన్.టి.ఆర్., రామ్‌చరణ్ ఆడారు. అనువాదంలో గొంతూ మారుతుంది. ఇక్కడ కెమెరా ముఖంకంటే పాదాలకు లొంగింది, ఇద్దరినీ నిలువెల్లా చూపిస్తేనే గాని అడుగు కలిసిందో లేదో తెలియదు. 2023 మార్చి 12న ఆస్కార్ వేదికమీద ఈ లెక్క తలకిందులైంది. గాయకులు కనిపించారు, నటులు సభలో కూర్చున్నారు, ఆట వేరెవరో ఆడారు. వాళ్ల అడుగు తప్పలేదు, అయినా మన ఇళ్లలో చాలామందికి ఏదో వెలితి తోచింది. మనం పాటలో వెతికే ‘తార’ గొంతులో లేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

చూపు గురించి ఒక మాట. స్త్రీని చూసే పురుషుని కన్నుగా కెమెరా పనిచేస్తుందని లారా మల్వీ 1975లో రాసింది. ఇక్కడ చూడబడేవాళ్లు పురుషులు, చూసేవాళ్లు దొరసానులు. అయితే దీన్ని విప్లవమనడానికి నాకు మనసొప్పదు. చూపు తిరిగింది గాని, ఆ చూపు మెప్పు కోసమే ఆట సాగింది.

పాట చివర ఎవరు అలసిపోకుండా నిలుస్తారన్న పందెం వస్తుంది. మాటలు తగ్గి కీరవాణి తాళమే మిగులుతుంది. అప్పుడు రాముడు జెన్నీ వైపు చూసి, ఆమె కన్ను భీముడి మీద ఉందని గమనించి, కాలు పట్టేసినట్టు నటించి కూలిపోతాడు. ఆ ఓటమిని ఏ భాషలోనూ ఎవరూ పాడరు, చూసి తెలుసుకోవలసిందే.