ముందే వెళ్ళిపోయినవాడికి

డంకన్ ఊరి పిల్లవాడా, దక్షిణ కరోలినా ఎర్రమట్టి మీద పరుగు నేర్చినవాడా, ఇరవై ఒకటో నంబరు జెర్సీ తొడిగినవాడా, మార్కస్ లాటిమోర్! నీ పరుగును పొగిడినవాళ్ళకు లెక్కలేదు. నేను నీ వెళ్ళిపోవడాన్ని పొగుడుతాను. కాలేజీ ఆట ఇంకో ఏడాది మిగిలి ఉండగానే, కుట్లు పడ్డ మోకాలితో, ఎవరి హామీ చేతిలో లేకుండా నువ్వు గడప దాటిన ఆ 2012 డిసెంబరుకు దండం పెడతాను.

ముందు నీ పరుగు సంగతే చెప్పాలి. నువ్వు ఏం వదులుకున్నావో తెలియకపోతే ఎలా వదిలావో తెలియదు.

అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతి రెండు కొసలా మొన తేలి ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ. చేత్తో విసిరేదీ, చంకలో ఇరికించుకుని పరిగెత్తేదీ ఎక్కువ. ఆ పరిగెత్తేవాడే రన్నింగ్ బ్యాక్. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ పొట్ట దగ్గర పెట్టిన బంతిని రెండు చేతులూ మూసి పట్టుకోవాలి. ఎదురుగా నూట ముప్పై కిలోల మనుషులు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటే, వాళ్ళ మధ్య రెప్పపాటు తెరుచుకునే సందు కనిపెట్టాలి. అది మూసుకునేలోపు దూరాలి. దూరితే అవతల ఇంకొకడు కాచుకుని ఉంటాడు. పడేస్తారు. లేవాలి. బంతి రిఫరీ చేతికిచ్చి, వెనక్కి నడిచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మళ్ళీ నిలబడాలి.

2010 సెప్టెంబరు 11. కాలేజీలో అది నీ రెండో ఆట. ఎదుట జార్జియా. నీకింకా పద్దెనిమిది నిండి పంతొమ్మిది రాలేదు. ఆ మధ్యాహ్నం బంతి నీ చేతికి 37 సార్లు వచ్చింది. 182 గజాలు మోశావు, బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించి రెండు టచ్‌డౌన్లు చేశావు. ఒకడు నడుం పట్టుకుంటే వాణ్ణి ఈడ్చుకుంటూ రెండు గజాలు, ఇంకొకడు భుజం మీద పడితే వాడి బరువుతో కలిపి ఇంకో గజం. నవంబరులో ఫ్లోరిడావాళ్ళ గడ్డ మీద 40 సార్లు మోశావు. 212 గజాలు, మూడు టచ్‌డౌన్లు. నీ విశ్వవిద్యాలయం ఎస్‌ఈసీ అనే ఆ పెద్ద కూటమిలో ఆట మొదలుపెట్టింది 1992లో, నువ్వు ఒళ్ళో పాపాయిగా ఉన్నప్పుడు. అప్పటినుంచి దక్కని తూర్పు విభాగం టైటిల్ ఆ రాత్రి దక్కింది. ఊరు ఊగిపోయింది. దక్షిణ కరోలినా పొడుగునా నీ నంబరు చొక్కాలు నడిచాయి.

ఆ రెండు ఆటల్లో మోతలు కలిపితే 77. గజాలు లెక్కపెట్టినవాళ్ళు పుస్తకాల్లో రాసుకున్నారు. దెబ్బల లెక్క మాత్రం నీ ఒంట్లోనే రాసి ఉంది.

ఆ మోతకు కూలి లేదు, మార్కస్. స్కాలర్‌షిప్పుంది, గది ఉంది, తిండి ఉంది, పాఠముంది. కాదనను. కానీ విలియమ్స్-బ్రైస్ స్టేడియంలో ఎనభై వేలమంది కూర్చునేవారు. టికెట్ల డబ్బు ఒకరికి, టీవీ డబ్బు ఒకరికి, కోచ్‌ల జీతాలు ఒకరికి. జనం కేకలు నీకు. ఆటగాడు తన పేరు మీద, తన ముఖం మీద డాలరు సంపాదించుకుంటే, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నేరంగా చూసే రోజులవి. నువ్వు ఎన్ని టచ్‌డౌన్లు చేసినా ఆ బల్ల దగ్గర నీకు కుర్చీ వెయ్యలేదు.

2011 అక్టోబరులో మిసిసిపీ స్టేట్ మైదానంలో ఎడమ మోకాలు తెగింది. కోయించుకున్నావు, కుట్టించుకున్నావు, నెలల తరబడి అడుగులు మళ్ళీ నేర్చుకుని తిరిగొచ్చావు. 2012 అక్టోబరు 27న, సొంత మైదానంలో, టెనెసీ మీద ఆడుతుండగా కుడి మోకాలు వంతు వచ్చింది. కీలు తప్పింది. లోపలి బంధనాలు ఒకటి కాదు, చాలా తెగాయి. కాలు ఉండకూడని వైపు తిరిగి ఉండటం చూసినవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. అప్పుడు ఆ ఆటలో అరుదైనదొకటి జరిగింది. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా లేచి మైదానంలోకి నడిచారు. నీ జట్టువాళ్ళు ఒక్కళ్ళే కాదు, క్షణం క్రితం నిన్ను నేల కూల్చడానికి వచ్చిన టెనెసీవాళ్ళు కూడా. రెండు రంగుల జెర్సీలు కలిసి నీ చుట్టూ నిలబడ్డాయి.

రెండు రోజులకు నీ పుట్టినరోజు. ఇరవై ఒకటి నిండింది. ఆ రోజును నీ పేరు మీద పండుగగా ప్రకటించారు. జనం గుమిగూడి నీ పేరు పిలిచారు. ఆ ప్రేమ నిజం. నేను శంకించను. కానీ నీ పేరుకు ఒక తారీఖు రాసిచ్చిన ఊరు, నీ మోకాలికి పూచీ రాసివ్వలేకపోయింది.

అప్పుడు నువ్వు తీసుకున్న నిర్ణయం ఉంది చూశావా, అక్కడ మొదలవుతుంది నా స్తోత్రం.

ఉండిపోవచ్చు. ఇంకో ఏడాది కాలేజీ ఒడిలో కోలుకోవచ్చు. నీ పేరు మీద అప్పటికే 38 పరుగు టచ్‌డౌన్లున్నాయి, ఆ విశ్వవిద్యాలయంలో ఎవరికీ లేనన్ని. ఉంటే అవి ఇంకా పెరిగేవేమో. నువ్వు డ్రాఫ్ట్‌కు, అంటే వృత్తి లీగు జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకునే చోటికి, పేరిచ్చావు. ఒక్కసారి పేరిచ్చి గడువు దాటితే కాలేజీ ఆటకు మళ్ళీ తలుపు తెరుచుకోదు. అవతల ఏముందో తెలియదు. ఆ ఏడాది నీలాగే ముందుగా వెళ్ళినవాళ్ళు 73 మంది. వాళ్ళలో ఇరవైమందికి పైగా పేర్లు ఏడు రౌండ్లలో ఎక్కడా వినపడలేదు.

తొందరపడ్డాడన్నారు కొందరు. ఏ గడియారం చూసి తొందరంటారు? హైస్కూలు వదిలి మూడేళ్ళు నిండాలని లీగు నిబంధన. 1989లో కాలేజీ ఆటగాడు బ్యారీ శాండర్స్‌కు ప్రత్యేకంగా దారి ఇచ్చి, మరుసటి ఏడాది మూడో ఏడు చదివే జూనియర్లందరికీ తలుపు తీసేదాకా ఆ మాత్రం దారి కూడా లేదు. ఒహాయో స్టేట్ కుర్రవాడు మారిస్ క్లారెట్ 2003లో ఆ మూడేళ్ళ గోడ మీద కోర్టుకెక్కాడు. కింది కోర్టులో గెలిచాడు, పై కోర్టులో ఓడాడు. ఇదంతా కాలేజీవాళ్ళ క్యాలెండరు, లీగువాళ్ళ క్యాలెండరు. మోకాలికి వేరే క్యాలెండరుంది. రన్నింగ్ బ్యాక్ బతుకు లీగులో సగటున మూడేళ్ళకు అటూఇటూ. ఆ లెక్కన ఇరవై ఒక్కేళ్ళంటే ఉదయం కాదు, ఎండ వాలుతున్న వేళ. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు మా పెద్దలు. నీ దీపం అప్పటికే రెండుసార్లు కొండెక్కబోయింది. మూడోసారి గాలి వీచేదాకా ఊరికే వెలిగించి చూపించమనడం ఏ న్యాయం?

ఇండియానాపోలిస్‌లో ఏటా ఫిబ్రవరి చివర కుర్రాళ్ళను కొలుస్తారు. నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, 225 పౌన్ల కడ్డీని ఎన్నిసార్లు ఎత్తాడు, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా అరచెయ్యి ఎన్ని అంగుళాలు. టీవీలో కనిపించేది అదే. కనిపించనిది డాక్టర్ల గది. అక్కడ కుర్రవాణ్ణి బల్లమీద కూర్చోబెడతారు. ఒకరు పిక్క వెనక చెయ్యి వేసి ముందుకు లాగి చూస్తారు. ఇంకొకరు మడమ పట్టుకుని పక్కకు వంచి చూస్తారు. ఎంత సాగింది, ఎక్కడ ఆగింది, కాగితం మీద రాసుకుంటారు. జట్లు 32. అందరికీ అదే మోకాలు కావాలి, అందరికీ అదే అనుమానం. ఆ బల్లమీద కూర్చోవడానికి కావలసిన ధైర్యం, నలుగురు మీద పడుతుంటే పరిగెత్తడానికి కావలసిన ధైర్యం కంటే పెద్దది. మైదానంలో బంతినైనా దాచుకోవచ్చు. అక్కడ దాచుకోవడానికి ఏమీ ఉండదు.

గాయమైన రోజు నుంచి సరిగ్గా ఆరు నెలలకు, 2013 ఏప్రిల్ 27న, నాలుగో రౌండులో, 131వ పేరుగా నిన్ను పిలిచారు. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్. ఆ జట్టులో అప్పటికి ఫ్రాంక్ గోర్ ఉన్నాడు. అతనిదీ నీ దారే. మయామీలో రెండు మోకాళ్ళూ వేర్వేరు ఏడాదుల్లో తెంచుకున్నవాడు, చదువు ముగియకముందే బయటపడినవాడు, 2005లో మూడో రౌండులో పిలుపందుకున్నవాడు. పదహారు సీజన్లు ఆడి, సరిగ్గా 16,000 గజాలు పరిగెత్తి, లీగు చరిత్రలో మూడో స్థానంలో ఆగాడు. అదే 2005లో, అదే మూడో రౌండు చివర, క్లారెట్‌ను డెన్వర్ తీసుకుంది. సీజను మొదలయ్యేలోపే వదిలేసింది. అతను లీగులో ఒక్క ఆటా ఆడలేదు. ఒకే రౌండు, ఒకే పని, ఒకే ఏడాది. ఒకడికి పదహారేళ్ళు, ఒకడికి సున్నా. గడప దాటేటప్పుడు ఎవరి నొసటన ఏముందో ఎవరు చదవగలరు? ఫలితం చూసి నిర్ణయాన్ని తూచేవాళ్ళు గోర్‌ను తెలివైనవాడంటారు, నిన్ను దురదృష్టవంతుడంటారు. ఆ తక్కెడ నాకొద్దు.

మొదటి ఏడాది నిన్ను గాయపడ్డవాళ్ళ జాబితాలో ఉంచారు. ఆడేవాళ్ళు ఆడుతుంటే నువ్వు కాలు మడవడం, చాపడం, మడవడం. రెండో ఏడాది హెల్మెట్ పెట్టుకుని ప్రాక్టీసుకు దిగావు. మోకాలు మొరాయించింది. 2014 నవంబరు 5న, ఇరవై మూడేళ్ళ వయసులో, చాలన్నావు. అసలు పోటీలో ఒక్క అడుగూ వెయ్యకుండానే చాలన్నావు.

లోకం దాన్ని ముగింపంది. నాకది నీ రెండో వీడ్కోలు. మొదటిసారి కాలేజీ ఉండమంటుంటే వెళ్ళావు. రెండోసారి నీ సొంత ఆశే ఉండమంటుంటే వెళ్ళావు. ఊరి మాట కాదనడం కష్టం, మనసు మాట కాదనడం మరీ కష్టం. చేసినవాడివి నువ్వు. ఈ డ్రాఫ్ట్ 1936లో పుట్టినప్పుడు మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్వాంగర్. అతను వద్దన్నాడు, లీగులో ఒక్కరోజూ ఆడకుండా వేరే బతుకు బతికాడు. ఆ చరిత్ర మొదటి పుటలోనే కాదనే హక్కు రాసి ఉంది. నువ్వు దాన్ని వాడుకున్నావు. 2018లో నీ విశ్వవిద్యాలయంలోనే ఆటగాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగంలో చేరావు. దెబ్బ తిన్నవాణ్ణి కుర్రాళ్ళ దగ్గర కూర్చోబెట్టే బుద్ధి ఆ చోటుకు పుట్టినందుకు దానికీ ఒక నమస్కారం.

2021 జులై 1 నుంచి కాలేజీ కుర్రాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా వాటా పంచుతున్నాయి. ముందుగా వెళ్ళేవాళ్ళ జాబితా చిక్కిపోయింది. చూశావా మార్కస్, జేబులో నాలుగు డబ్బులు పడగానే ఆ తొందరంతా ఎక్కడికి పోయింది? నువ్వు ఊరికే మోసిన గజాల మీద కూర్చుని ఇవాళ్టి కుర్రాడు ఇంకో ఏడాది చదువుకుంటున్నాడు. చదువుకోనీ. వాడికి నీ పేరు తెలియకపోయినా ఫరవాలేదు.

అయినా ప్రతి జనవరిలోనూ కొందరు వెళ్తూనే ఉంటారు. లీగు సలహా సంఘం ఉండిపొమ్మని చెప్పినా వెళ్తారు. ఇంటి అద్దె కోసం, పుట్టిన బిడ్డ కోసం, కుట్లు పడ్డ మోకాలి కోసం, లేదంటే వయసులో ఉండే పొగరు కొద్దీ. వాళ్ళందరికీ నీ మీదుగా నా దండం. ఎందుకు పోతున్నావురా అని ఆ కుర్రవాణ్ణి నిలదీసే పెద్దలు, ఉండమన్నందుకు వాడికి తాము ఏం పూచీ పడుతున్నారో ముందు చెప్పాలి. అది చెప్పలేనివాళ్ళు దారికి అడ్డం తప్పుకోవాలి.