ఒక్కరికే గది

కృష్ణగిరి నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ముందు రోజు రాత్రి హోసూర్లో రూం తీసుకుంటే వండర్లా దగ్గరేనా?" వాడికి ఉద్యోగం కొత్త, జేబు పలచన. స్నేహితులకు సెలవు దొరకలేదని ఒక్కడే బయల్దేరుతున్నాడు.

హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లే. అయితే వండర్లా వినోదాల పార్కు ఉన్నది బిడదిలో, మైసూరు రోడ్డు మీద. హోసూరు బెంగళూరుకి ఈ కొసన ఉంది, అది ఆ కొసన ఉంది. నడుమ ఊరంతా ఉంది, సిల్క్ బోర్డు కూడలి ఉంది. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చాక కాస్త నయం. అక్కడ పసుపు లైను రైలెక్కి ఆర్వీ రోడ్డులో దిగి, ఆకుపచ్చ రైల్లో మెజెస్టిక్ చేరి, ఊదా రైల్లో చల్లఘట్ట దాకా పోతే అక్కణ్ణుంచి బిడదికి బస్సు. పొద్దున పూట ఉత్సాహంగా ఉంటాం కాబట్టి ఇన్ని మారడం సరదాగానే ఉంటుంది. సాయంత్రం తడిసిన బట్టల సంచీతో, నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళతో అదే దారిన వెనక్కి రావాలంటే మాత్రం నా వల్ల కాదు. అందుకే బస బిడది వైపే చూసుకోమన్నాను.

ఎలాంటి లాడ్జిలో దిగాలన్నది మాత్రం హోసూరు నుంచే నేర్చుకున్నాను. సిప్‌కాట్ పారిశ్రామిక వాడ వచ్చాక, అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాక ఈ ఊరి లాడ్జీలు ఒంటరివాళ్ళ మీదే బతుకుతున్నాయి. మిషన్ బాగుచేయడానికి పూణే నుంచి వచ్చినాయన, ఆడిట్‌కి వచ్చిన కుర్రాడు, ఇంటర్వ్యూకి ఫైలు చంకన పెట్టుకుని దిగిన పిల్లవాడు. "ఎంతమంది?" అని అడిగితే "ఒక్కణ్ణే" అంటారు, గుమాస్తా తలెత్తకుండా తాళంచెవి ఇస్తాడు. కృష్ణగిరి బస్టాండు చుట్టుపక్కలా అంతే. మెడికల్ రెప్పులు, మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే వ్యాపారులు, చెన్నై రోడ్డు కలిసే చోట బస్సు తప్పిపోయినవాళ్ళు. ఏ ఊళ్ళో ఏ లాడ్జి మేలో తెలుసుకోవాలంటే మెడికల్ రెప్పుని అడగాలి. రేటింగ్ నక్షత్రాలకన్నా ఆయన మాటనే నేను ఎక్కువ నమ్ముతాను.

చూడదగ్గ ఊళ్ళ సంగతి వేరు. అక్కడ గది అంటే మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక అదనపు పరుపు. ఒంటరిగా వెళ్ళినవాడు ఇద్దరి అద్దె కడతాడు, పైగా అనుమానం చూపులూ భరిస్తాడు. తిరుమల కొండ మీదే ఒక్కరికి గది ఇవ్వరు. యాత్రికుల వసతి సముదాయంలో లాకరు తీసుకుని హాల్లో పడుకోవాల్సిందే. లాడ్జీవాళ్ళ భయం ఏమిటో అందరికీ తెలుసు. గదిలో ఎవరైనా ప్రాణం తీసుకుంటే పోలీసుల చుట్టూ తిరగాల్సింది వాళ్ళే. ఒక ఊళ్ళో నన్నూ "సింగిల్‌కి ఇవ్వం సార్" అని పంపేశారు. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు గానీ, రాత్రి పదింటికి ఆ మాట వినడం బాగుండదు.

బిడదిలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. పార్కుని చూసుకుని కట్టినవి కొన్ని, టొయోటా ఫ్యాక్టరీకి వచ్చిపోయేవాళ్ళ కోసం వెలిసినవి కొన్ని. వండర్లా ఆవరణలోనే వాళ్ళ రిసార్టూ ఉంది, కుటుంబంతో వెళ్తే సుఖమే. ఒంటరివాడు కంపెనీ మనుషులు దిగే చోటు చూసుకోవాలి. బిడదిలో దొరక్కపోతే కెంగేరిలోనో రామనగరం బస్టాండు దగ్గరో. ఆడపిల్లలకు మాత్రం ఈ సూత్రం ఉన్నదున్నట్టు పనికిరాదు. మేనకోడలైతే రాత్రంతా కౌంటరులో మనిషి ఉంటాడా, లోపలి గడియ గట్టిదేనా అన్నవి ముందు చూడమంటాను, అద్దె తరవాత.

అద్దెకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: చెకౌట్ ఎన్నింటికి? పార్కు గేటు తెరిచేది పదకొండింటికి, మూసేది ఆరింటికో ఏడింటికో. మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చేయమనే హోటలైతే పార్కుకి బయల్దేరే ముందే సంచీ సర్దేసుకోవాలి, లేదా రెండో రోజు అద్దె కట్టాలి. బస్టాండు లాడ్జీల్లో ఇరవైనాలుగు గంటల పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది. రాత్రి ఎనిమిదింటికి దిగితే మర్నాడు రాత్రి ఎనిమిది దాకా గది మనదే. పార్కు నుంచి తిరిగొచ్చి, వేణ్ణీళ్ళు పోసుకుని, ఫ్యాను కింద ఆరేసిన పొడి బట్ట కట్టుకుని బస్సెక్కొచ్చు. ఒక్క అద్దెతో రెండు పూటలూ గడిచిపోతాయి. ఏడున్నర వేల లోపు గదులకు జీఎస్టీ 2025 సెప్టెంబరులో పన్నెండు నుంచి ఐదు శాతానికి దిగిందని సంబరపడే కన్నా ఈ లెక్క చూసుకోవడం లాభం. ఉచిత టిఫిను చూసి ఎక్కువ అద్దె కట్టడమూ దండగే. తట్టె ఇడ్లీకి పేరుపడ్డ ఊళ్ళో హోటలు బఫేలో చల్లారిన ఉప్మా తినడం ఎవరి ఖర్మ?

ఇందులో ఒక మెలిక ఉంది. మామూలు రోజుల్లో పార్కులో రద్దీ తక్కువ, కంపెనీ లాడ్జీలు కిటకిట. శని, ఆదివారాల్లో లాడ్జీలు ఖాళీ, పార్కులో ఒక్కో రైడుకీ చాంతాడంత వరస. నేను మంగళ బుధవారాలకే ఓటేస్తాను. రెండు రోజుల ముందు ఫోన్ చేస్తే గది దొరక్కపోదు.

దిగాక రిజిస్టరు ఇస్తారు కదా, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎక్కడికి పోతున్నారు, ఏం పని మీద అని గళ్ళుంటాయి. పై వరసలన్నీ కంపెనీ పని, కంపెనీ పని, ఆఫీసు పని. కిందటిసారి నేను "వండర్లా" అని రాశాను. గుమాస్తా అది చదివి, నా నెరిసిన తల వంక చూసి, పుట్టపర్తి నుంచి వచ్చినవాడట, తెలుగులోనే అడిగాడు: "పిల్లలు వెనకాల వస్తున్నారా సార్?"