బ్రాకెట్లో అమ్మ

కథల పేజీ దిద్దేవాడికి ఒక అలవాటు ఉంటుంది. తెలియని మాట తగిలితే చాలు, పెన్సిల్ పక్కకు జరిగి బ్రాకెట్ గీస్తుంది. నాదీ అదే చెయ్యి. చాలాకాలం క్రితం నిజామాబాద్ వైపు బంజారా తండా నుంచి ఓ కుర్రాడి కథ వచ్చింది. ‘యాడి’ అని రాశాడు. పక్కన ‘అమ్మ’ అని చేర్చాను. ‘ఫేట్యా’ పక్కన ‘లంగా’.

ప్రూఫు చూసుకుని ఫోన్ చేశాడు. “సార్, మా చెల్లె చదువుతుంటే మా యాడి ఇంటది ఈ కథ. యాడి అంటే అమ్మ అని ఆమెకే చెప్తున్నమా?”

నా దగ్గర జవాబు లేదు. కథ చదివేవాళ్లలో ఆవిడ కూడా ఉంటుందని ఒక్కసారైనా నాకు తోచలేదు. ‘లంగా’ అని రాసి ఫేట్యా మీది అద్దాలూ, ఆ కుట్టూ, ఆ బరువూ నేనే తుడిచేశాను.

బంజారాలు తమను తాము ‘గోర్’ అనుకుంటారు. బయటివాళ్లు ‘కోర్’. లంబాడీ, సుగాలీ మనం పిలిచే పేర్లు. అంటే వాళ్ల మాటల్లో నాకూ ఒక పేరుంది, ఇన్నేళ్లూ నేనది వినలేదు! వాళ్ల గురించి మనం రాసిన కథల్లో తండా ఎక్కువగా రంగురంగుల బట్టలుగానో జాలిగానో కనబడింది. అక్కడివాళ్లు రాస్తే అప్పులుంటాయి, తగాదాలుంటాయి, కోపముంటుంది.

రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల పుస్తకానికి ‘ఢావ్లో’ అని పేరు పెట్టాడు. పెళ్లయి పుట్టిల్లు విడిచేటప్పుడు ఆడపిల్ల పాటగా ఏడ్చే ఏడుపు అది. 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం తెలుగుకు ఆ పుస్తకంతోనే వచ్చింది. అట్ట మీద ఆ మాట ధీమాగా నిలబడింది.

వాళ్ల భాష గోర్ బోలీకి అందరూ వాడే సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు అక్షరాల్లో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడంలో రాస్తారు. నాందేడ్ తండాలోని చుట్టం పాడితే నిజామాబాద్ పిల్లకు అర్థమవుతుంది, రాసి పంపితే కాదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఈ రాతకు తెలుగు లిపి ఇల్లిచ్చిందని మురిసిపోతాం గానీ, ఆ ఇంట్లో వాళ్ల మాట బ్రాకెట్ పక్కన ఒదిగి కూర్చోవాల్సి వచ్చింది.

ఆ కుర్రాడు ఫోన్ చేసిన రోజు రబ్బరు తీసుకుని రెండు బ్రాకెట్లూ చెరిపాను. ‘అమ్మ’ను గట్టిగా నొక్కి రాశానేమో, కాగితం మీద గీతలు మిగిలాయి. కథ అలాగే అచ్చుకు వెళ్లింది. అర్థం అడుగుతూ ఒక్క ఉత్తరం కూడా రాలేదు.