చిన్ నరసం

నూజివీడు తోటల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఎవరికీ తీరిక ఉండదు. చెట్టెక్కడం రాని నాకూ ఈసారి ఓ పని తగిలింది. బాబాయి బంధువులకి పంపే మామిడి పెట్టెల మీద అంటించే లేబుళ్లు. ఐఫోన్ యాప్‌లు రాసి బతికేవాణ్ని కదా, స్విఫ్ట్‌లో ఓ చిన్న ప్రోగ్రాం రాసి పడేశా. పండు పేరు లావు అక్షరాల్లో, పక్కన కాయల లెక్క మామూలుగా. మొదటి పండు చిన్నరసం. చి, న్న, ర, సం. నాలుగే కదా అని, మొదటి నుంచి నాలుగింటిని లావు చెయ్యమని ఎన్‌ఎస్‌మేక్‌రేంజ్(0, 4) కొట్టేశా.

బాబాయి కళ్లజోడు సర్దుకుని చదివాడు. "నరసం ఏంట్రా? మన తోటలో ఈ రకం ఎప్పుడేశాం?"

నిజమే. 'చిన్' లావుగా, 'నరసం' బక్కగా వచ్చింది. ఆ రేంజ్ లెక్కలో చిన్నరసం ఎనిమిది: చ, గుడి, న, పొల్లు, మళ్లీ న, ర, స, సున్న. నాలుగో దాని దగ్గర, అంటే సరిగ్గా పొల్లు దగ్గర తెగింది.

ఈ 'మేక్' ఫంక్షన్లు మాకు పెద్దల ఆస్తి. సీ భాషలో స్ట్రక్టులకి స్విఫ్ట్‌లో లాంటి ఇనిషియలైజర్లు లేవు. అందుకని పక్కన ఓ ఫంక్షన్ పెట్టి విలువలు నింపించేవారు. ఎన్‌ఎస్ అన్న ఇంటిపేరు స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ కంపెనీ నాటిది. 2014లో స్విఫ్ట్ వచ్చింది, 2016లో స్విఫ్ట్ 3 దీర్ఘచతురస్రం కట్టే సీజీరెక్ట్‌మేక్‌ని సాగనంపింది. మంచి పని చేసింది. (20, 40, 200, 80) అని రాసి ఉంటే ఏది వెడల్పో, ఏది ఎత్తో రాసినవాడికే ఆర్నెల్లకి గుర్తుండదు. సీజీరెక్ట్(ఎక్స్: 20, వై: 40, విడ్త్: 200, హైట్: 80) అంటే చదువుకుంటే చాలు. ఎన్‌ఎస్‌మేక్‌రేంజ్ మాత్రం ఇంకా చెల్లుతోంది. నా వేళ్లకి అదే అలవాటు.

అలాగని దాని బదులు ఎన్‌ఎస్‌రేంజ్(లొకేషన్: 0, లెంగ్త్: 4) అని రాసినా వచ్చేది ఆ నరసమే. ఇనిషియలైజర్లని నెత్తికెత్తుకునేవాళ్లు ఈ ముక్క చెప్పరు. ఆ 'లెంగ్త్' లాంటి లేబుల్ పేరు చెబుతుందే గానీ లెక్క దిద్దదు. నన్ను గట్టెక్కించింది 2017లో స్విఫ్ట్ 4తో వచ్చిన ఇంకో ఇనిషియలైజరు. దానికి అంకెలివ్వక్కర్లేదు. వాక్యంలో పేరు ఎక్కడుందో వెతికించి, ఆ హద్దుల్నీ వాక్యాన్నీ చేతికిస్తే ఎక్కడ మొదలో, ఎంత పొడవో అదే చూసుకుంటుంది.

ఈ వారం బాబాయి బంగినపల్లి పెట్టెలకీ లేబుళ్లు కావాలన్నాడు. అక్షరాలు లెక్కపెట్టలేదు.